పూజకెక్కిన అట్లాసు

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో దుకాణాలు షట్టర్లు దించుకుని పడుకుంటే, వాటి ముందున్న ఫుట్‌పాత్ అప్పుడే నిద్ర లేస్తుంది. గోనెపట్టాలు పరుచుకుంటాయి, వాటి మీద పాత పుస్తకాలు గుట్టలు పడతాయి. ఇంద్రసేన మాస్టారు పెద్ద పోస్టాఫీసు దాటి వచ్చి, ఎప్పటిలాగే మొదట నిఘంటువుల గుట్ట దగ్గర ఆగాడు. ఒక లావుపాటి నిఘంటువు చేతిలోకి తీసుకుని, రెండు పేజీలు తిప్పి, కళ్ళద్దాల పైనుంచి అటూ ఇటూ చూశాడు. తెలిసిన మొహం ఒక్కటీ లేదని రూఢి చేసుకున్నాక, ఎవరో పిలిచినట్టుగా పక్క గుట్ట దగ్గరికి జరిగాడు. నాంపల్లిలో ఒక హైస్కూల్లో భూగోళం చెప్పే మనిషాయన. ఆ చుట్టుపక్కల పిల్లల్లో సగం మంది ఆయన శిష్యులు, మిగతా సగం శిష్యుల తమ్ముళ్ళు. జాగ్రత్త పడక తప్పదు.

"సారూ, మీ గుమ్మడికాయ దయ్యం వచ్చింది!" అని పాత పుస్తకాల బిచ్చయ్య గొంతెత్తి పలకరించాడు.

"జర మెల్లగ, బిచ్చయ్యా. ఊరంత వినాల్నా?"

"దయ్యాలకు బుగులు పడరు గని, మనుషులకు బుగులు పడ్తరు సారూ మీరు" అని నవ్వుతూ, బిచ్చయ్య తను కూర్చున్న గోనెపట్టా కింది నుంచి ఒక బొమ్మల పుస్తకం లాగి ఇచ్చాడు.

ఏ అమెరికా దొరో ఎప్పుడో సికింద్రాబాదులో ఇల్లు ఖాళీ చేస్తే, కబాడీవాడి తక్కెడెక్కి ఇక్కడిదాకా వచ్చిన పుస్తకం. అట్ట మీద ఒక గుమ్మడికాయ. దానికి కళ్ళూ పళ్ళూ కోసి లోపల దీపం పెట్టారు. దాని వెనక మట్టిలోంచి ఒక చెయ్యి పైకి లేస్తోంది. ఆ వరస పుస్తకాలన్నిటికీ ఇదే ముఖచిత్రం, లోపలి కథలే వేరు. మూలన అక్టోబరు అని ఉంది, ఎప్పటి అక్టోబరో. ఆ దేశంలో అక్టోబరు ఆఖరి రాత్రి దయ్యాల పండుగ చేస్తారనీ, పిల్లలు ముసుగులు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారనీ ఆయనకు ఈ పుస్తకాల వల్లే తెలిసింది. దిష్టి తగలకుండా మనమూ గుమ్మానికి గుమ్మడికాయే కడతాం కదా, దయ్యాలను బతిమాలడంలో దేశాల మధ్య పెద్ద తేడా లేదని ఆయనకు భలే ముచ్చటేసింది. కానీ ఆ ముచ్చట ఎవరితో చెప్పుకోగలడు?

ఎండాకాలంలో ఆ పుస్తకాల్ని ఆయన ముట్టేవాడు కాదు. వానలు వెనకబట్టి, సాయంత్రాలు పొట్టివై, గాలి కొంచెం చల్లబడ్డాక, దసరా సెలవుల్లో మొదలుపెట్టి దీపావళిదాకా చదివేవాడు. పసుపెక్కిన కాగితం వాసన పీల్చి, వేలు తడిచేసుకుని పేజీ తిప్పేవాడు. కథ చివరికొచ్చినప్పుడు, కన్ను ముందే పరుగెత్తకుండా ఆఖరి బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. మిగతాదంతా చదివాక, ఊపిరి బిగబట్టి, చెయ్యి తీసేవాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషికి ఆ ఒక్క క్షణంలో వీపు మీద పాకే చలి ఎంత సుఖమో చెబితే నవ్వుతారు.

నవ్వుతారనే ఆయన భయం. కిందటేడు తొమ్మిదో తరగతి కుర్రాడి దగ్గర ఇలాంటి పుస్తకమే దొరికితే, క్లాసు ముందు నిలబడి నాలుగు ముక్కలుగా చింపి, "మెదడుకు పట్టే చెదలు" అని ఉపన్యాసం ఇచ్చాడు. డ్రిల్లు మాస్టారు శ్యామ్‌సుందర్ గుమ్మంలో నిలబడి విని చప్పట్లు కొట్టాడు. చింపే ముందు మాస్టారు స్టాఫ్‌రూంలో కూర్చుని అందులోని కథలన్నీ పూర్తిచేశాడన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంట్లో ఆయన ఉపాయం వేరు. భార్య మేనకోడలు నళిని వాళ్ళింట్లోనే ఉండి కోఠీ కాలేజీలో బీయే చదువుతోంది. ప్రతి జూన్‌లో ఆ పిల్ల ఇంట్లోని పుస్తకాలన్నిటికీ ఖాకీ కాగితం అట్టలు వేసి, గుండ్రటి అక్షరాలతో పేర్లు రాస్తుంది. అట్లాసుకూ వేసింది. మాస్టారు అసలు అట్లాసును బడిలో వదిలేసి, దాని అట్టను మాత్రం ఇంటికి తెచ్చుకుని, అందులో తన దయ్యాల పుస్తకాలు సర్దుకున్నాడు. సరిగ్గా సరిపోయాయి. ఏటా దసరా మొదలుకుని రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చుని అట్లాసులో మునిగిపోయే మొగుణ్ణి చూసి సౌభాగ్య, "ప్రపంచమంత ఎప్పుడో చూసేసిన్రు, ఇంకేం దేవులాడ్తరు అండ్ల?" అని మురిసిపోయేది.

కొత్త పుస్తకాన్ని గుడ్డసంచి అడుగున పెట్టుకుని, పైన అరటిపళ్ళు పెట్టుకుని ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే పసుపు వాసన తగిలింది. లోపల గోడవార పీట వేసి, దాని మీద ఎర్రటి గుడ్డలో పుస్తకాల మూట పెట్టి, మూట మీద కలశం నిలబెట్టింది సౌభాగ్య. పక్కన దీపం వెలుగుతోంది. ఆయన కళ్ళు అలవాటుగా బీరువా మీదికి వెళ్ళాయి. అక్కడ ఏమీ లేదు.

"ఇయ్యాల మూలా నక్షత్రం గద" అంది సౌభాగ్య, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "నళిని పుస్తకాలు పెట్టిన, మీవి పెట్టిన. మీ అట్లాసు అన్నిటి కంటె పైన పెట్టిన."

"అట్లాసు ఎందుకే? పాతది."

"సదువుకు పాతేంది, కొత్తేంది? దినాం గంత శ్రద్ధగ చూస్తరు. అమ్మవారి దగ్గర అది లేకుంటె ఎట్ల?"

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఆ ఇంట్లో మూలా నక్షత్రం నాడు పుస్తకం పీట ఎక్కితే మళ్ళీ దసరా పొద్దున ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోరాదు. ముట్టుకోవడమే కాదు, ఆ నాలుగు రోజులూ ఎవరూ ఏ పుస్తకమూ తెరవకూడదు. దసరా పొద్దున మాత్రం ఇంట్లో ప్రతి ఒక్కరూ తలా ఒక పుస్తకం చేతికి తీసుకుని అందరి ముందూ ఒక్క వాక్యమన్నా పైకి చదవాలి. మాస్టారి అమ్మ కాలం నుంచీ వస్తున్న పద్ధతి.

పీట ముందు నిలబడి ఆయన దండం పెట్టాడు. "ఎంత భక్తో!" అనుకుంది సౌభాగ్య.

సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం ఇల్లు ఖాళీ అయింది. తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మను నళిని ఎత్తుకుంది, సత్తుపిండి, పెరుగన్నం గిన్నెలు సౌభాగ్య పట్టుకుంది. ఇద్దరూ పట్టుచీరలు సర్దుకుంటూ వీధిలోకి దిగగానే ఆయన తలుపు దగ్గరగా వేసి పీట దగ్గరికి వచ్చాడు. రెండు చేతులా కలశం ఎత్తాడు. లోపలి నీళ్ళు గలగలమన్నాయి. కొబ్బరికాయ మీది కుంకుమ ఆయన బొటనవేలికి అంటింది. కలశాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. నేల మీద పెట్టకూడదు, కుర్చీలో పెట్టకూడదు. పోనీ ఒక చంకన పెట్టుకుని మూట విప్పుదామా అంటే, అది సౌభాగ్య వేసిన ముడి. విప్పితే మళ్ళీ అలా వెయ్యడం ఆయన వల్ల కాదు. దూరంగా వీధిలోంచి ఆడవాళ్ళ చప్పట్లు, పాటలు వినిపిస్తున్నాయి. ఎన్ని శవాలు లేచినా అదరని గుండె అప్పుడు దడదడలాడింది. కలశాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసి, బొటనవేలి కుంకుమను పంచెకు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం కాస్త ధైర్యం చేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు జనగామ నుంచి సౌభాగ్య అన్న బాలకిషన్ దిగాడు. అక్కడ ఆయనకు బట్టల దుకాణం. నళిని ఆయన కూతురే. ఆడపిల్లకు పట్నం చదువేంటని మొండికేసిన మనిషిని, "నా ఇంట్ల ఉంటది బావా, నాది జిమ్మ" అని ఒప్పించింది మాస్టారే. అప్పుడు బాలకిషన్, "నీ ఇంట్ల కాబట్టి పంపుతున్న. ఇంకో ఇల్లయితే గడప దాటనియ్య" అన్నాడు. ఆ మాట ఆయన ప్రతి పండక్కీ వచ్చి మళ్ళీ అంటాడు. భోజనాల దగ్గర ఈసారీ అన్నాడు.

"దుకాణంల గిరాకి మొఖం చూసి చెప్త బావా, కొంటడా ఊకె చూసిపోతడా అని. నీ మొఖం చూసిన్నాడే అనుకున్న, ఇది అబద్ధం తెల్వని మొఖం అని" అన్నాడు. మాస్టారు పచ్చడి ఇంకొంచెం వడ్డించమని సౌభాగ్యకు విస్తరి చూపించాడు.

దసరా పొద్దున ఉద్వాసన చెప్పి, మూట విప్పి, సౌభాగ్య అందరి తల మీదా అక్షింతలు వేసింది. అట్లాసు అట్ట మీద పసుపు నీళ్ళు ఇంకి మరకలు కట్టాయి. మాస్టారు చెయ్యి ముందుకు చాపాడు.

"గా అట్లాసు నాకియ్యి చెల్లె" అని బాలకిషన్ అందుకున్నాడు. "నాకా ఇంగ్లీషు రాదు, బొమ్మలున్నది నయం. మన జనగామ ఎక్కడున్నదో చూసి చదువుత."

సౌభాగ్య ఇచ్చేసింది. బాలకిషన్ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, ఒళ్ళో పెట్టుకుని తెరిచాడు. జనగామ లేదు. పెట్టె మూత తోసుకుని లేస్తున్న ఒక శవం ఉంది. చెంపల మీద మాంసం లేదు. దాని ముందు సగం చిరిగిన గౌనులో ఒక దొరసాని నోరంతా తెరుచుకుని అరుస్తోంది. ఆయన పేజీ తిప్పబోతే అట్టలోంచి ఇంకో పుస్తకం జారి బంతిపూల మధ్య వెల్లకిలా పడింది. దీని అట్ట మీదా, కొత్తదాని మీది లాంటిదే, గుమ్మడికాయ పళ్ళికిలించింది. అట్టలోంచి దిగిన పసుపు నీళ్ళు దాని నుదుటి మీద బొట్టంత మేర మరకయ్యాయి.

సౌభాగ్య చెయ్యి నోటి మీదికి పోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మొగుడి వంక చూసింది. ఆయన నేల వంక చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇంద్రసేన మాస్టారికి భుజాలు తడుముకునేపాటి నిజాయితీ కూడా లేకపోయింది.

బాలకిషన్ ఖాకీ అట్టను తిరగేసి చూశాడు. "గీ రాత ఎవరిది?"

"నాది నాయినా" అంది నళిని.

"పుస్తకం?"

నళిని మామయ్య వంక చూసింది. తొందరపెట్టే చూపు కాదది, దారి ఇచ్చే చూపు. ఆయన నోట్లో మాట ఉంది. రెండే అక్షరాల మాట. నాలుక కొసదాకా వచ్చింది. బాలకిషన్ అక్షింతల తలతో, నమ్మకమంతా మొహంలో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి, పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"నాదే, నాయినా" అంది నళిని.

"అమ్మవారి పీట మీద దయ్యాలను కూసోబెట్టినవా? గిదేనా నువ్వు పట్నంల సదివే సదువు?" బాలకిషన్ గొంతు పెంచలేదు. పెంచకపోవడమే భయంగా ఉంది. "చాలు బిడ్డా. ఆదివారం బండికి నాతోని వస్తున్నవ్. ఇగ కాలేజీ లేదు, గీలేజీ లేదు."

నళిని తల వంచుకుని లోపలికి వెళ్ళింది. బాలకిషన్ లేచి వచ్చి మాస్టారి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదు బావా. ఫికర్ చెయ్యకు. పిల్లలు మన కండ్లల్ల దుమ్ము కొడ్తరు. మనమేం జేస్తం?" అన్నాడు. చెయ్యి వేసిన చోట మాస్టారికి ఒళ్ళు మండింది.

సాయంత్రం జమ్మి ఆకులు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. శ్యామ్‌సుందర్ ఆయన చేతిలో ఆకు పెట్టి, కాళ్ళకు దండం పెట్టి, "బంగారం తీసుకోండ్రి సార్. మీ అసొంటి పెద్దలు ఉన్నరు కాబట్టి గీ పిల్లలు జర గాడిల ఉంటున్నరు" అన్నాడు. లోపలి గదిలోంచి ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది. మాస్టారు పిడికిట్లో ఆకును నలిపేస్తూ అందరినీ దీవించాడు.

అందరూ వెళ్ళాక ఆయన డాబా ఎక్కాడు. నీళ్ళ తొట్టి చాటున, ఆదివారం తెచ్చిన గుడ్డసంచి ఉంది. పుస్తకాలు ముట్టుకోరాదన్న ఆ నాలుగు రోజుల్లోనే కొత్త పుస్తకాన్ని అక్కడ దొంగచాటుగా సగం చదివాడు. ఇప్పుడు, ఇంకా పోని పగటి వెలుతురులో, మిగతా సగం కూడా చదివేశాడు. కింద ఆ పిల్ల ఏడుస్తోందని తెలుసు. తెలిసే చదివాడు. ఆఖరి బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, తీశాడు, వీపు మీద చలి పాకింది. కథ బాగుంది. బాగుండడం చూసి ఆయనకు తన మీద తనకు రోత పుట్టింది. కనీసం ఈ ఒక్కరోజైనా ఈ చలి రాకుండా ఉండకూడదా అనుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

శనివారం నళిని పెరట్లో పెట్టె సర్దుకుంటోంది. చీరలు ఒకవైపు, పుస్తకాలు ఒకవైపు. కాలేజీ గ్రంథాలయం పుస్తకాలు వేరేగా కట్టింది, ఎవరైనా తిరిగి ఇచ్చేయడానికి. మాస్టారు గిలక బావి దగ్గర నిలబడి చేద తాడును ఊరికే చుడుతూ, విప్పుతూ ఉన్నాడు.

"ఎందుకట్ల అన్నవ్ బిడ్డా?"

"మీరు అంటరేమో అని చూసిన మామా" అంది నళిని, తల ఎత్తకుండా. "మీరు అనలే."

ఆయన చేద తాడు ముడిని గోటితో గీకసాగాడు.

"గంతే కాదు. నేను గుడ సదివిన అవ్వి. జూన్‌ల అట్టలేసేటప్పుడు బీరువ మీద దొరికినయ్. మీరు బడికి పోంగనే తీసి సదివేదాన్ని. మీరు ఆఖరి బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడ్తరు గద, కిటికీలకెళ్ళి చూసిన. నేను గుడ గట్లనే పెడ్త." ఒక్క క్షణం ఆమె మొహంలో నవ్వు వచ్చి పోయింది. "గందుకే నాది అంటె సగం అబద్ధమే. మిగిలిన సగం మీరు చూసుకోండ్రి."

"ఇయ్యాలనే చెప్త మీ నాయినకు" అన్నాడాయన.

నళిని పుస్తకాల కట్టకు ముడి వేసి, పంటితో బిగించింది.

ఆయన చెప్పలేదు. పొద్దున బాలకిషన్ ఖైరతాబాదులో ఎవరో చుట్టాలను చూడబోయాడు. మధ్యాహ్నం వచ్చి నిద్రపోయాడు. సాయంత్రం చాయ్ తాగుతుంటే మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు బాధపడకు బావా, నువ్వు రెండేండ్లు కన్నబిడ్డ లెక్క చూసుకున్నవ్" అని బాలకిషన్ చేతులు పట్టుకున్నాడు. ఎదుటివాడు పొగుడుతుంటే తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో పొగిడించుకున్నవాళ్ళకే తెలుస్తుంది. మాట వెనక్కి పోయింది. భోజనాల దగ్గర సౌభాగ్య ఆయనకు వడ్డించింది కానీ, ఏం కావాలని అడగలేదు.

ఆదివారం పొద్దున నాంపల్లి స్టేషన్లో జనం. పండక్కి వచ్చినవాళ్ళంతా మూటలతో, పిల్లలతో తిరుగు ప్రయాణాల్లో ఉన్నారు. హమాలీ నళిని పెట్టెను బండిలోకి ఎక్కించాడు. నళిని కిటికీ పక్కన కూర్చుంది. బాలకిషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి చెల్లెలికి జాగ్రత్తలు చెబుతున్నాడు. మాస్టారు గుడ్డసంచి చంకలో పెట్టుకుని ఆ పిల్ల వంక చూశాడు. కాలేజీకి వెళ్ళేటప్పుడు పెట్టుకునే పెన్ను ఇంకా జాకెట్టుకు గుచ్చి ఉంది. తీసెయ్యడం మరిచిపోయిందేమో.

"బావా, గా పుస్తకాలు నావి" అన్నాడు.

బాలకిషన్ అర్థం కానట్టు చూశాడు.

"దసరా నాడు బయటవడ్డవి. అట్లాసుల ఉన్నవి. నావి. ఎన్నో ఏండ్ల సంది నేనే సదువుతున్న. నళినివి కావు."

బాలకిషన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించాడు. "నువ్వు దేవుని అసొంటోనివి బావా" అన్నాడు. "పిల్ల సదువు ఆగొద్దని తప్పు మీదేసుకుంటున్నవ్. కన్నోన్ని నేను, నాకే గింత మనసు రాలే."

ఇన్నాళ్ళూ అబద్ధాన్ని నమ్మించడానికి మాస్టారు ఏమీ చెయ్యనవసరం లేకపోయింది. ఇప్పుడు నిజం నమ్మించడానికి ఏం చెయ్యాలో తెలియలేదు. సంచిలో చెయ్యి పెట్టి కొత్త పుస్తకం పైకి తీశాడు. అట్ట లేదు, చీటీ లేదు, నలుగురూ చూసేలా పట్టుకున్నాడు.

"ఇది పోయిన ఆదివారం తెచ్చిన. ఎవ్వరు చూడలే. అడుగు నళినిని."

"నేను చూడలే నాయినా" అంది నళిని కిటికీలోంచి, నిజంగానే మెడ చాపి చూస్తూ.

"అయితేంది? నిన్న కొన్నవేమో, మమ్ముల నమ్మించెటందుకు" అన్నాడు బాలకిషన్.

"అయితె విను. ఈ పుస్తకంల ఒక బట్టల వ్యాపారి కథ ఉన్నది" అని మొదలుపెట్టాడు మాస్టారు, వేరే దారి లేక. "వాడు పీనుగులకు కప్పే బట్ట అమ్ముతడు. ఒక్కొక్క పీనుగుకు జానెడు తక్కువ కొలుస్తడు. సచ్చినోడు వచ్చి అడుగుతడా అని వాని ధీమా."

"లంగ కొలతగాడు" అన్నాడు బాలకిషన్, అప్రయత్నంగా.

"అక్టోబరు ఆఖరి రాత్రి. ఇంటింటికి గుమ్మడికాయ దీపాలు. పిల్లలు ముసుగులేసుకొని మిఠాయికి వస్తున్నరు, పోతున్నరు. వాడు తలుపు మూసెటప్పటికి ఇంకో గుంపు వచ్చింది. ముసుగులు తీయమన్నడు. వాళ్ళు తీయలే. కిందికి చూసిన్డు. అందరి పాదాలు బట్టలకెళ్ళి బయటికున్నయ్. మట్టి. చలికి వణుకుతున్నయ్. ముంగటున్నది చెయ్యి చాపింది. మిఠాయి కాదు. మా జానెడు మాకియ్యి, అన్నది..."

ఆయనకు తెలియకుండానే గొంతు దిగింది. పుస్తకం మీదికి వంగాడు. మూటలు మోసే హమాలీ అక్కడే ఆగిపోయాడు. పక్కనున్న ముసలమ్మ పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. మాస్టారి కళ్ళు మెరుస్తున్నాయి, పెదవుల కొసల్లో నవ్వు ఆగడం లేదు, కుడి అరచెయ్యి తనంతట తానే వెళ్ళి ఆఖరి బొమ్మను మూసింది.

"వాడు బట్ట తాను దించిన్డు. కొలిచిన్డు. కొలిచిన కొద్ది వాళ్ళ కాళ్ళు పొడుగైతున్నయ్. తాను అయిపోయింది. ఇగ కొలవనీకి దుకాణంల మిగిలింది ఏంది? అందరు కలిసి వాని దిక్కు చూసిన్రు..."

"చాలు" అన్నాడు బాలకిషన్.

మాస్టారు తల ఎత్తాడు. బాలకిషన్ పుస్తకం వంక చూడడం లేదు. గిరాకీ మొహాన్ని చూసినట్టు ఆయన మొహాన్నే చూస్తున్నాడు. జోడించిన చేతులు ఎప్పుడో విడిపోయాయి.

"నీదే" అన్నాడు మెల్లగా. "నీదే బావా. గీ మొఖం నేనెన్నడు చూడలే."

మాస్టారు పుస్తకం మూశాడు.

"బొమ్మల పుస్తకం సదివితే సదివినవ్. గది పెద్ద ముచ్చట కాదు. నవ్వుకొని ఊకుందుము. పిల్ల నీ కోసం మాటపడ్డది. దాని సదువు పోతున్నదని తెలిసి, దసరా సంది నువ్వు చూసుకుంట కూసున్నవ్. నా చేతుల నీ చెయ్యి పెట్టి మరి కూసున్నవ్." బాలకిషన్ బండిలోకి వంగి పెట్టె పట్టుకున్నాడు. "దిగు బిడ్డా. కాలేజీకి పో. రేపు హాస్టల్‌ల చేరు, పైసలు నేను పంపుత. వీళ్ళింట్ల మాత్రం ఉండకు."

నళిని దిగింది, బాలకిషన్ ఎక్కాడు. బండి కదిలింది. బాలకిషన్ చెల్లెలికి చెయ్యి ఊపాడు. ఆయన చూపు మాస్టారి మీదుగా, అక్కడ స్తంభం ఉన్నట్టుగా దాటిపోయింది.

"ఇంతకు వాన్నేం జేసిన్రు సార్?" అని అడిగాడు హమాలీ. మాస్టారు పెట్టె ఎత్తుకోబోతే, ఆ మనిషే లాక్కుని తలకెత్తుకున్నాడు.

బయట రిక్షా మాట్లాడుతుంటే నళిని చెయ్యి చాపింది. "గా కొత్తది ఇయ్యండ్రి మామా. హాస్టల్‌ల చదువుకుంట." ఆయన సంచితో సహా ఇచ్చేశాడు. ఆ పిల్ల కళ్ళల్లోకి చూసే ధైర్యం ఇంకా రాలేదు.

ఇంటికి వచ్చాక సౌభాగ్య కాళ్ళు కడుక్కుని, పూజలో పెట్టిన పాత పుస్తకాలు తీసింది. దసరా నాటి నుంచీ వాటిని పీట కింద గుడ్డ కప్పి ఉంచింది.

"నాకు గప్పుడే తెలిసింది" అంది. "దినాం మీరు చూసే అట్లాసు గది. నాకు తెల్వదా? అన్న ముంగట మీ పరువు పోతదని నోరు మూసుకున్న. మీరు పిల్ల గురించి ఆలోచించలే, నేను గుడ ఆలోచించలే."

"చింపి పారేస్త" అన్నాడాయన.

"ఎట్ల పారేస్తరు? మూలా నక్షత్రం నాటి సంది పువ్వులు పెట్టిన వీటికి. అమ్మవారి దగ్గర కూసున్న పుస్తకాన్ని చెత్తల ఎయ్యను." గుమ్మడికాయ బొమ్మ ఉన్న పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, పసుపు మరకను కొంగుతో తుడిచింది. పోలేదు. ముందు గదిలో, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి ఎదురుగా, ఆయనకు కాలేజీ చదువులో వచ్చిన బంగారు పతకం పక్కన గూట్లో దాన్ని నిలబెట్టింది. అట్ట లేదు, చీటీ లేదు. "ఇగ దాచుడు లేదు ఈ ఇంట్ల" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం, నళినిని హాస్టల్లో దింపి వచ్చి మాస్టారు కూర్చున్నాడో లేదో, బడి తెరిచే సంగతి మాట్లాడడానికి శ్యామ్‌సుందర్ వచ్చాడు. కుర్చీలో కూర్చోబోతూ గూట్లోకి చూశాడు. మళ్ళీ చూశాడు. లేచి దగ్గరికి వెళ్ళి, మట్టిలోంచి లేచిన చేతినీ, పసుపు బొట్టు పెట్టుకుని పళ్ళికిలిస్తున్న గుమ్మడికాయనూ చూసి పకపకా నవ్వాడు.

"ఏ పోరని దగ్గర గుంజుకున్నరు సార్ దీన్ని? రేపు ప్రార్థనల అందరి ముంగట చింపుదాం. ఎవనిది?"

వంటింట్లో గాజుల చప్పుడు ఆగింది. మాస్టారి చెయ్యి కళ్ళద్దాల మీదికి వెళ్ళింది. తీసి తుడుచుకోవచ్చు. ఎవరో ఒక కుర్రాడి పేరు చెప్పవచ్చు. ఏ పేరైనా సరిపోతుంది. ఆయన చెయ్యి దించుకున్నాడు.

"నాది" అన్నాడు.

అన్నది గుసగుసలాగానే. శ్యామ్‌సుందర్‌కు వినపడలేదు. చెవి ఇటు తిప్పి, ఇంకా నవ్వుతూనే, "ఏందీ?" అన్నాడు.

మాస్టారు లేచి నిలబడి, వంటింట్లోకి కూడా వినపడేలా, మళ్ళీ చెప్పాడు.